దాచకుండా చెప్పాకే మాకు మనుషులు దొరికారు

పాపకు కాలేయ మార్పిడి చేయించి ఇంటికి తెచ్చిన కొత్తలో మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆడపిల్లరా. కడుపు మీద అంత కోత ఉందనీ, బతికినన్నాళ్లూ మందులు మింగాలనీ పదిమందికీ తెలిస్తే రేపు దాన్ని చేసుకునేదెవరు? ఎవరన్నా అడిగితే కడుపులో గడ్డ తీశారని చెప్పండి." ఆపరేషన్ ఖర్చుకని తన గాజులు అమ్మి ఆ డబ్బు నా చేతిలో పెట్టిన మనిషి ఆమె. మనవరాలి మీద ప్రేమ లేక అన్న మాట కాదు. మార్పిడి జరిగిన పిల్లలున్న ఇళ్లలో, అందులోనూ ఆడపిల్లలున్న ఇళ్లలో, ఈ మాట ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట విని ఉన్న ఊరే వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

మేం వినలేదు. నేనూ మా ఆవిడా ఒక రాత్రి కూర్చుని మాట్లాడుకుని, పాప చుట్టూ మసిలే ప్రతి మనిషికీ ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం అనుకున్నాం. ఈ ఆరేళ్లలో మాకు అందిన సాయం అంతా అలా చెప్పడం వల్లే అందిందని నా నమ్మకం. ఆస్పత్రి నుంచి ఇప్పుడిప్పుడే ఇంటికొచ్చిన తల్లిదండ్రులెవరైనా చదువుతారేమోనని ఇదంతా రాస్తున్నాను.

నేను ఖమ్మం మిర్చి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. పాపకు పుట్టుకతోనే బిలియరీ అట్రీషియా అనే జబ్బు ఉంది. కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం వెళ్లే నాళాలు మూసుకుపోయి, ఆ రసం లోపలే నిలిచి కాలేయాన్ని పాడుచేస్తుంది. పుట్టేవాళ్లలో పది, పదిహేను వేల మందికి ఒకరికి వస్తుందంటారు. ప్రపంచంలో ఎక్కడైనా పిల్లలకు కాలేయ మార్పిడి అవసరమయ్యేది ఎక్కువగా ఈ జబ్బువల్లే. పసిపిల్లలకు కామెర్లు మామూలే. కానీ రెండు వారాలు దాటినా పసుపు తగ్గకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా వస్తున్నా పసరు మందులంటూ తిరగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండు నెలల లోపు పట్టుకుంటే కసాయ్ అనే ఆపరేషన్‌తో కొంతమంది పిల్లలు గట్టెక్కుతారు. మా పాపకూ అది చేశారు, పని చేయలేదు. పది నెలల వయసులో హైదరాబాద్‌లో వాళ్లమ్మ కాలేయంలో ఎడమవైపు నుంచి ఒక భాగం తీసి పాపకు పెట్టారు.

నాది ఏ పాజిటివ్, తల్లీ కూతుళ్లది బీ పాజిటివ్. అందుకని నా కాలేయం పనికిరాలేదు. ఇద్దరినీ ఒకేరోజు లోపలికి తీసుకెళ్తుంటే, ఒకరి కోసం ఇంకొకరిని కూడా పోగొట్టుకుంటానేమోనని నాకు కాళ్లు ఆడలేదు. ముందురోజు డాక్టర్ ఓపిగ్గా చెప్పారు, తల్లి కాలేయంలో భాగం బిడ్డకు పెట్టి మొదటిసారి సఫలమైంది 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో అని, అప్పటి నుంచి ఎన్నో దేశాల్లో చేస్తున్నారని, తల్లి కాలేయం కొన్ని నెలల్లోనే మళ్లీ పెరుగుతుందని. అన్నీ విన్నాను. అయినా ఆ రాత్రి ఆ ఐసీయూకీ ఈ ఐసీయూకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక జరిగింది ఇంకా ముఖ్యం. చూడటానికి వచ్చినవాళ్లంతా పాపను చూసి, పాప గురించి అడిగి వెళ్లేవాళ్లు. పక్కన కూర్చున్న తల్లి కూడా పొట్ట కోయించుకున్న మనిషేనని ఎవరికీ తట్టేది కాదు. దాదాపు మూడు నెలలు బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పారు. పాపేమో అప్పుడే చేతులు చాచి "మ్మ, మ్మ" అనడం నేర్చింది. కాలేయం ఇచ్చిన తల్లి ఆ బిడ్డను చంకనెత్తుకోకూడదు. మా ఆవిడ ఆపరేషన్ నొప్పికి ఏడవలేదు గానీ దీనికి ఏడ్చింది. అప్పుడు ఎదురింటి పెద్దమ్మకు విషయమంతా చెప్పి, కొంగు పక్కకు తీసి కుట్లు చూపించింది. ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి పాపను ఎత్తి తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, పాలు తాగాక దించి వెళ్లేది. వీధిలో ఇంకో ఇద్దరు మంచినీళ్ల బిందెలు తెచ్చి పెట్టేవాళ్లు. పాపకు గడ్డ తీశారని చెప్పి ఉంటే, బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోని తల్లి అని ఆ వీధే ఆమెను ఆడిపోసుకునేది.

కాలేయం ఇచ్చిన తల్లిని, తండ్రిని కూడా "నీకెలా ఉంది?" అని అడగండి. ఈ సంగతి నేను ఎక్కడికి వెళ్లినా చెప్తున్నాను.

మందుల సంగతికొస్తాను. టాక్రోలిమస్ అనే మందు పన్నెండు గంటలకొకసారి పడాలి. మాకు పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. పెట్టిన కాలేయం పరాయిదనుకుని ఒంట్లోని రోగనిరోధక శక్తి దాని మీద దాడి చేయకుండా ఈ మందు ఆపుతుంది. తక్కువైతే దాడి మొదలవుతుంది. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు పొద్దుటి డోసు వేయకముందే రక్తం తీయాలి. ల్యాబ్ కుర్రాడికి ఇదంతా చెప్పి పెట్టాం కాబట్టి ఆ రోజు అందరికంటే ముందు మా ఇంటికే వస్తాడు. శాంపిల్‌ను ఐస్ డబ్బాలో పెట్టి హైదరాబాద్ పంపిస్తాడు.

సీజన్‌లో పొద్దున ఆ వేళకు నేను మార్కెట్లో ఉంటాను. తేజ రకం బస్తాలు యార్డు నిండా దిగి ఉంటాయి, జెండా పాటకు ఖరీదుదారులు, రైతులు గుమిగూడతారు, ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఆ గోలలో కూడా మా షావుకారు నా వైపు చూసి "పాపకు మందు పడిందా?" అని అడుగుతాడు. నేను ఇంటికి ఫోన్ చేసి, పడిందని విన్నాకే లెక్కల్లో కూర్చుంటాను. రాత్రి డోసు మా అమ్మ చూసుకుంటుంది. ఎనిమిదింటి సీరియల్ పాట మొదలవగానే "మందో" అని కేక వేస్తుంది. మొన్న బావమరిది కూతురి పెళ్లిలో రాత్రి ఎనిమిదికి నా ఫోనుతో పాటు మా వదిన ఫోను, మేనత్త ఫోను, పిన్నిగారి అబ్బాయి ఫోను అన్నీ మోగాయి. మేం వాళ్లను అడగలేదు, వాళ్లంతట వాళ్లే అలారం పెట్టుకున్నారు.

మెడికల్ షాపు అన్న గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టాక్రోలిమస్ ఒకటే అయినా కంపెనీ మారితే రక్తంలో మోతాదు తేడా రావచ్చు, అందుకే డాక్టర్‌ను అడక్కుండా కంపెనీ మార్చకూడదు. ఖమ్మంలో ఈ మందు వాడేవాళ్లు తక్కువ, ఎవరూ స్టాకు పెట్టరు. పాప పేరు, మందు కంపెనీ, మోతాదు రాసిన కాగితం అన్న తన కౌంటర్ వెనక గోడకు అతికించుకున్నాడు. మా దగ్గర డబ్బా అయిపోకముందే ఆయన దగ్గర కొత్త డబ్బా ఉంటుంది. ఒకసారి పాపకు దగ్గు పట్టుకుంటే దగ్గర్లోని క్లినిక్‌లో చూపించాం. చీటీ తీసుకుని అన్న దగ్గరికి వెళ్తే చదివి పక్కన పెట్టేశాడు. "ఇందులో క్లారిత్రోమైసిన్ ఉంది. పాప వాడే మందుతో కలిస్తే ఆ మందు రక్తంలో బాగా పెరిగిపోతుంది. ముందు హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యి" అన్నాడు. ఫోన్ చేస్తే వాళ్లూ అదే చెప్పి వేరే యాంటీబయోటిక్ రాశారు. గోడ మీద ఆ కాగితం లేకపోతే ఆ మందు పాప కడుపులోకి వెళ్లేది.

2020 లాక్‌డౌన్‌లో అందరికీ మాస్కులు కొత్త, మాకు అప్పటికే ఏడాది అలవాటు. మాకు వచ్చిన టెన్షన్ మందు గురించి. బస్సుల్లేవు, రైళ్లు లేవు, కొరియర్లు లేవు. హైదరాబాద్‌లో మందు ఉంది, ఇక్కడికి తెచ్చే దారి లేదు. సరుకుల లారీలు మాత్రం తిరుగుతున్నాయి. మార్కెట్ హమాలీల్లో ఒకాయన తనకు తెలిసిన డ్రైవర్‌కు చెప్పాడు, ఆ డ్రైవర్ డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చి ఊరి బయట నా చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ డ్రైవర్‌ను అంతకుముందు నేను ఎన్నడూ చూడలేదు. ఆపరేషన్‌కు ముందు ఒకరోజు కూలి డబ్బులు పోగుచేసి ఇచ్చినవాళ్లు కూడా ఆ హమాలీలే.

బయటివాళ్లకు ఎక్కువగా తెలియని ఇంకో విషయం పోలియో చుక్కలు. మార్పిడి జరిగిన పిల్లలకు బతికున్న వైరస్‌తో తయారయ్యే టీకాలు మామూలుగా వేయరు. నోట్లో వేసే పోలియో చుక్కలు ఆ రకమే. అవి ఇంట్లోని మిగతా పిల్లలకు కూడా వేయించొద్దని మా డాక్టర్లు చెప్పారు. చుక్కల్లోని వైరస్ కొన్నాళ్లపాటు ఆ పిల్లల విరేచనంలో బయటికొస్తుంది కాబట్టి పాపకు అంటుకోవచ్చు. మా పెద్దోడికి అప్పటికి ఐదేళ్లు నిండలేదు, వాడికి ఇంజెక్షన్ రూపంలో ఉండే పోలియో టీకా వేయించాం. పల్స్ పోలియో అయ్యాక ఇంటింటికీ వచ్చేవాళ్లు, పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద చాక్‌పీసుతో "పి" అని, పడని ఇంటి మీద ఇంటూ మార్కు రాస్తారు. మా ఇంటికి ఎప్పుడూ ఇంటూనే. "చదువుకున్నవాళ్లే ఇట్లా చేస్తే ఎట్లా?" అని ఒకావిడ గట్టిగా మాట్లాడింది కూడా. మా ఆశా వర్కర్‌కు డాక్టర్ ఇచ్చిన ఉత్తరం చూపించాం. ఆమె దాన్ని చదివి, జిరాక్స్ తీయించి తన రిజిస్టర్‌లో పెట్టుకుంది. ఆ తర్వాత సూపర్‌వైజర్లు ఎప్పుడొచ్చినా మా గుమ్మం దాకా రాకముందే ఆమే వాళ్లకు అంతా వివరించేది. ఆ దారిన ఎవరింట్లో పిల్లలకు అమ్మవారు పోసినా మొదటి కబురు మాకు ఆమె నుంచే వచ్చేది.

హైదరాబాద్‌లో చెకప్‌కు వెళ్లిన రోజు డాక్టర్ గది బయట కుర్చీల్లో గంటలకొద్దీ కూర్చోవాలి. నల్గొండ, నెల్లూరు, శ్రీకాకుళం, ఇంకా ఒడిశా వాళ్లూ ఉండేవాళ్లు. ఆ కుర్చీల్లోనే మాకు కడప అక్క పరిచయమైంది. వాళ్ల అమ్మాయికి మాకంటే ఎన్నో ఏళ్ల ముందే మార్పిడి జరిగింది. మా ఆవిడ మొహం చూసి ఏమర్థమైందో, పక్కన వచ్చి కూర్చుని "నీ కుట్ల దగ్గర ఇంకా లాగుతోందా?" అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె మాకు అక్క. "జ్వరం నూరు దాటిందంటే పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రైనా సరే ఫోన్ చెయ్యి" అని నేర్పింది ఆమే. పానీపూరి బండి, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, కాచని పాలు దగ్గరికి రానివ్వొద్దనీ, పంపర పనస ఆ మందుతో పడదనీ డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. గుళ్లో ప్రసాదం ఎలా వద్దనాలో మాత్రం అక్కే చెప్పింది. "వద్దనొద్దు. తొక్కతీయని అరటిపండు ఇమ్మని అడగండి, దేవుడిదే కదా" అంది. మా వీధి గుడి పూజారి గారు ఇప్పటికీ పాప కోసం ఒక అరటిపండు పక్కన పెడతారు.

ఆ కుర్చీల్లో పరిచయమైనవాళ్లమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఎవరూ ఎవరికీ మందు మోతాదు చెప్పకూడదన్నది అందులో అందరం ఒప్పుకున్న నియమం. మోతాదు డాక్టరే చెప్పాలి. మిగతావన్నీ అడగొచ్చు. పిల్ల మందు కక్కేస్తే ఏం చేశారు, ఆస్పత్రి దగ్గర తక్కువ అద్దెకు గది ఎక్కడుంది, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఏ కాగితాలు పెట్టాలి లాంటివి. ఆ గ్రూపులో అన్నీ మంచి కబుర్లే రావు. శ్రీకాకుళం వాళ్ల బాబు మార్పిడి జరిగిన రెండో ఏడు ఇన్ఫెక్షన్‌తో పోయాడు. ఆ తండ్రి గ్రూపులోంచి వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు. ఉత్తరాంధ్ర నుంచి కొత్తగా ఎవరు వచ్చినా కాగితాలు రాసిపెట్టేది, దరఖాస్తులు నింపేది ఆయనే. మా పాప పుట్టినరోజుకు మొదటి మెసేజ్ ఆయన దగ్గర్నుంచే వస్తుంది. జవాబు రాసేటప్పుడు ప్రతిసారీ నాకు చేతులు ఆగిపోతాయి.

బడి సంగతి. మొదట అడిగిన బడి వాళ్లు విషయం వినగానే "ఏదైనా జరిగితే మా మీదికొస్తుందండీ" అని సీటు లేదన్నారు. ఆ రోజు మా అమ్మ ఒక్క మాట అనలేదు గానీ, చెప్పకుండా ఉండాల్సింది అన్నట్టు చూసింది. రెండో బడిలో హెడ్ మేడం కుర్చీ చూపించి, "మేం ఏం చేయాలో ఒక్క పేజీలో రాసివ్వండి" అన్నారు. రాశాం: కడుపు మీద దెబ్బ తగలకుండా చూడాలి, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయాలి, ఇంటి నీళ్లే తాగనివ్వాలి, తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే అదేరోజు చెప్పాలి. ఆఖరిదే కష్టం. అమ్మవారు పోస్తే మన ఇళ్లలో వేపాకు కట్టి ఊరుకుంటారు, బయటికి చెప్పడం అపచారమనుకుంటారు. క్లాస్ టీచర్ తల్లిదండ్రుల సమావేశంలో మా ఆవిడను ముందుకు పిలిచి మాట్లాడమంది. ఆమె జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. "మీ పిల్లలకు ఆటలమ్మ వారంలో తగ్గిపోతుంది. మా పాపకు వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఒక్క ఫోన్ చేయండి, అమ్మవారికి కోపం రాదు" అంది. ఒకటో తరగతిలో ఉండగా పక్క బెంచీ పిల్లాడికి పోసింది. వాళ్ల నానమ్మ స్వయంగా బడికి ఫోన్ చేయించింది. సాయంత్రానికల్లా మేం హైదరాబాద్ బండి ఎక్కాం. తగిలిన కొద్దిరోజుల్లోపే రక్షణ మందు పడాలి, ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం తగ్గుతుంది. పాపకు ఒక్క పొక్కు కూడా రాలేదు.

మా అమ్మ మనసు మారడానికి కారణం మాత్రం కాంచీపురం అబ్బాయి. మన దేశంలో సఫలమైన మొదటి పిల్లల కాలేయ మార్పిడి 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో జరిగింది. ఆ బిడ్డ పేరు సంజయ్ కందస్వామి. పాపకున్న జబ్బే. రెండేళ్లు కూడా నిండలేదు, తండ్రి కాలేయంలో భాగం పెట్టారు. ఆ పిల్లాడు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. కడప అక్క ఫోన్‌లో ఆయన ఫొటో పంపితే మా అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇంత పెద్దోడయ్యాడా!" అంది. మార్పిడి చేయించుకున్న ఆడపిల్లలు పెద్దయ్యాక తల్లులు కూడా అయ్యారని డాక్టరమ్మ చెప్పినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు చుట్టాలెవరైనా గుసగుసగా అడిగితే ఆమే ముందుకొచ్చి, "కాలేయం మార్చారు, మా కోడలే ఇచ్చింది" అని చెప్తుంది. అందులో "మా కోడలే" అన్నది కాస్త గట్టిగా అంటుంది.

మాకు ఇంట్లోనే దాత దొరికింది. దొరకని పిల్లలు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకంలో పేరు రాయించుకుని, బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం ఒప్పుకునే రోజు కోసం ఎదురుచూస్తారు. తెలంగాణలో ఆ పథకం నిమ్స్ నుంచి నడుస్తుంది. 2023 నుంచి మన దేశంలో అవయవదాన దినోత్సవం ఆగస్టు 3న జరుపుతున్నారు. 1994లో అదే తేదీన ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే సఫలమైన తొలి గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారు. ఆ రోజు మా షావుకారు అనుమతితో మార్కెట్లో ఒక గంట మాట్లాడతాను. పోయినసారి ఒక రైతు మధ్యలో లేచి, "చచ్చాక కోస్తే వచ్చే జన్మలో ఆ అవయవం లేకుండా పుడతామంటారు కదా" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు పాత హమాలీ ఒకాయన అందుకుని, "మరి కాల్చేస్తే అన్నీ పోతాయి కదయ్యా" అన్నాడు. ఆ రైతు వెళ్లేటప్పుడు దరఖాస్తు కాగితం ఒకటి అడిగి తీసుకున్నాడు.

పాప ఇప్పుడు రెండో తరగతి. ఇన్నాళ్లూ ఎవరికి చెప్పాలో మేం నిర్ణయించాం. ఇకనుంచి అది తన చేతిలోకి పోతోంది. బతుకమ్మ రోజు లంగా జాకెట్ మార్చుకుంటుంటే పక్కింటి పిల్ల "ఆ గీత ఏంటి?" అని అడిగిందట. "మా అమ్మ లోపలికి వెళ్లిన గుమ్మం" అందట. ఎవరూ నేర్పలేదు. రేపు పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక అదే మచ్చను దాచుకోవాలనిపించవచ్చు. అప్పుడు అది తన ఇష్టం, మేం బలవంతం చేయం.

నాకు ఇప్పుడున్న పెద్ద బెంగ ఆ వయసు గురించే. మార్పిడి అయిన పిల్లలు టీనేజీలో మందులు మానేయడం అన్ని దేశాల్లోనూ జరుగుతుందని, బాగా నడుస్తున్న కాలేయం కూడా అలా దెబ్బతింటుందని డాక్టర్లు ఇప్పటి నుంచే చెప్తున్నారు. అక్క కూతురే ఒక ఏడాది మాత్రలు దిండు కింద దాచింది. కాలేయం దెబ్బతింటోందని చూపే ఎంజైములు రక్తంలో పెరిగి ఆస్పత్రిలో చేరింది, బయటపడింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ కథ ఎక్కడా రాయొద్దా అని అడిగితే, "రాయండి బాబాయ్, ఎవరైనా చదివి మానకుండా ఉంటారు" అంది. ఎండాకాలం సెలవుల్లో వారం రోజులు మా ఇంటికొచ్చి, ఏడు గళ్ల మాత్రల డబ్బా ఎలా సర్దుకోవాలో పాపకు నేర్పుతానంది. కడప నుంచి ఖమ్మానికి ఏ రైలు ఎక్కితే మేలో ఇప్పుడు మా ఆవిడా అక్కా ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు.